ఎవరిని చూసి ఎవరు లేస్తారు

ప్రొద్దుటూరు చరిత్రను ఎప్పటికైనా ఎవరైనా సమగ్రంగా రాస్తే, అందులో గురురాజారావు కుర్చీలోంచి లేవడం అనే అంశానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. ఆంధ్ర రాష్ట్రం పుట్టకముందే మొదలైన ఈ అలవాటు, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినా మారలేదు. ఆఫీసరు వస్తే నిటారుగా, హెడ్ గుమాస్తా వస్తే ముప్పాతిక, తోటి గుమాస్తాలకు సగం, బంట్రోతుకు నాలుగంగుళాలు. ఇదీ ఆయన పాటించిన కొలత. గాలికి తలుపు కదిలినా ఒక అంగుళం లేచేవాడు. వచ్చేది ఎవరో తెలియనప్పుడు ఆ మాత్రం మర్యాద ముందుగా చూపడం క్షేమమని ఆయన అభిప్రాయం.

ఆయన పనిచేసిన ప్రభుత్వ ఆఫీసు ఏదో చెప్పకపోవడమే పద్ధతి. 1957 వేసవిలో అక్కడి హెడ్ గుమాస్తా రిటైరయ్యాడు. ఆ కుర్చీ గురురాజారావుకు కావాలి. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆయన గట్టిగా కోరుకున్నది అదొక్కటే. అందులో కూర్చున్నవాడు ఆఫీసరు ఒక్కడికి లేస్తే చాలు, మోకాళ్లకు విశ్రాంతి. అయితే కొత్తగా వచ్చిన ఆఫీసరు వరదరాజులు ఆయన్ను ఎగాదిగా చూసి, ఇంతమందికి లేచేవాడు ఇంతమందిని నడిపిస్తాడా అని అందరి ముందూ అనేశాడు. నాయకత్వ లక్షణాలు పరీక్షించాకే సిఫారసు రాస్తానన్నాడు.

పరీక్ష నెత్తిమీదే ఉంది. ఉగాది నుంచి ఆఫీసు మిద్దె మీద ముప్పై కోతులు కాపురం పెట్టాయి. రెండు రిజిస్టర్లు చింపాయి. ఆఫీసరుగారి టిఫిన్ క్యారియరును పైకి తీసుకుపోయి, గిన్నెలు విడదీసి, ఒక్కొక్కటీ తనిఖీ చేశాయి. పది రోజుల్లో వాటిని వదిలించమని ఆఫీసరు గురురాజారావుకు మెమో ఇచ్చాడు.

ఆ రోజు నుంచి ఆయనకు కాలు ఒకచోట నిలవలేదు. అన్నం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని, లేచి వాకిట్లోకి పోయి మిద్దెల వైపు చూసి వచ్చేవాడు. మూడోసారి లేచినప్పుడు భార్య కామాక్షి విస్తరి పక్కన నీళ్లచెంబు ఠప్పున పెట్టింది.

“కూర్చోని తినండి. కోతులు కూడా కూర్చోనే తింటాండాయి.”

ఆఫీసుకు ఎదురుగా పత్తి గోదాము ఉంది. దాని అరుగు మీద నుంచి ఆయన కోతులను గమనించాడు. మొదటి రోజు అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. రెండో రోజు తనకు బాగా పరిచయమైన కదలిక ఒకటి కంటబడింది. నీడలో కూర్చున్న కోతి, ఇంకొకటి నడిచి వస్తుంటే, ఏమీ ఎరగనట్టు లేచి పక్కకు జరిగింది. వచ్చినది అరవలేదు, కరవలేదు. ఖాళీ అయిన చోట కూర్చుంది, అంతే. గురురాజారావు జంతుశాస్త్రం చదవలేదు. కానీ ఈ ఒక్క విషయంలో ఆయన్ను మించిన పండితుడు కడప జిల్లాలో లేడు. చిత్తుకాగితం మీద గళ్లు గీసి, ఏది దేన్ని చూసి లేస్తుందో గుర్తులు పెట్టడం మొదలుపెట్టాడు.

మూడు రోజుల్లో వరుస తేలింది. అన్నిటికీ పైన ఒక బండ మగకోతి. అది వస్తే పిట్టగోడ మొత్తం ఖాళీ. అట్టడుగున అన్నిటికీ లేచే బక్కకోతి ఒకటి. దాన్ని ఆయన ఎక్కువసేపు చూడలేకపోయాడు.

కుదరనిది ఒకటే. బండకోతి సాయంత్రం అంగళ్ల వైపు బయల్దేరి, పదడుగులు వేసి వెనక్కి చూసేది. ఒక్కటీ కదిలేది కాదు. కాసేపు తొడ గోక్కుని, అసలు తానెక్కడికీ బయల్దేరలేదన్నట్టు తిరిగి వచ్చేది. చెవి చిరిగిన ముసలి ఆడకోతి మరొకటి ఉంది. దాన్ని చూసి ఏదీ హడలి లేచేది కాదు. కానీ అది గోడ దిగి నడిస్తే, పిల్లలతో సహా ముప్పై కోతులూ దాని వెనకే. బండకోతి కూడా.

ఆఫీసరు ఆ కాగితం చూశాడు, పై గడి మాత్రమే చదివాడు. బండదాన్ని పట్టిస్తే సరి, నాయకుడు పోతే సైన్యం చెదురుతుందన్నాడు. గురురాజారావు నోరు తెరిచి, “చిత్తం” అని మూసుకున్నాడు.

కోతులు పట్టే తిరుపాలమ్మ జమ్మలమడుగు నుంచి బోనుతో వచ్చింది. గంటలో బండకోతి బోనులో పడింది. దాన్ని లారీలో పులివెందుల వైపు కొండల్లో వదిలేశారు. అది కూర్చునే చోట సాయంత్రానికల్లా ఇంకో మగకోతి కూర్చుంది. దాన్ని చూసి మిగతావన్నీ లేచాయి. మరునాడు ఆఫీసరుగారి కళ్లద్దాలు మిద్దెకెక్కాయి. లోపం అమలు చేసినవాడిదేనని ఆఫీసరు కేకలేశాడు. ఇక మిగిలింది రెండు రోజులు.

గురురాజారావు తిరుపాలమ్మ దగ్గరికి పోయి ముసలికోతి సంగతి అడిగాడు. ఆమె వక్క నములుతూ చెప్పింది.

“ఆడకోతులన్నీ ఆ ముసల్దాని కూతుర్లు, మనమరాండ్లే సామీ. మగకోతులు యాడాడినుంచో వచ్చి పోతాంటాయి. ఒక దొరను పట్కపోతే ఇంగొక దొర కూచ్చుంటాడు.”

“ముందే చెప్పకూడదా?”

“మీ ఆఫీసరు అడిగింది దొరనే గదా. కాదనేదానికి నేనెవురు?”

కాదనాల్సింది తనేనని గురురాజారావుకు అప్పుడు అర్థమైంది. ఆఫీసరు గది ముందు అటు ఐదుసార్లు, ఇటు ఐదుసార్లు తిరిగాడు. ఇప్పుడు ఎదురు చెప్తే కుర్చీ పోతుంది. చెప్పకపోతే ఎల్లుండి ఎలాగూ పోతుంది. లోపలికి పోయాడు.

“దేన్ని చూసి లేస్తాయో దాన్ని పట్టినాము సార్. దేని ఎంట పోతాయో దాన్ని పట్టల్ల.”

“రెండూ ఒకటి కాదా?”

“కాదు సార్. లేచేది వేరు, ఎంట పోయేది వేరు.”

“నీకెలా తెలుసు?”

“లేచి లేచి తెలిసింది సార్.”

ఆఫీసరు చాలాసేపు పైకప్పు వైపు చూశాడు. అక్కడ ఏదో పరుగెత్తిన చప్పుడైంది. సరే కానివ్వమని, కాగితాల్లో మాత్రం తన పేరు రాకూడదని అన్నాడు.

మరునాడు పొద్దున్నే ముసలికోతి బోనులో, బోను ఎద్దులబండి మీద, బండి జమ్మలమడుగు దారిలో. ముసలిది కూతురింటికి పోతున్నంత నిదానంగా శనక్కాయలు ఒలుచుకుంటోంది. గోడల మీదా వేపచెట్ల మీదా మిగతా సంసారమంతా వెంబడించింది, కొత్త దొరతో సహా. అందరికంటే ముందు గొడుగుతో గురురాజారావు. ఎవరైనా వెనకబడ్డారేమోనని పదడుగులకొకసారి తిరిగి చూస్తూ, చెమటకు చొక్కా తడిసిపోయి, నిలవలేక నడవలేక నడుస్తున్నాడు. బంగారు అంగళ్లవాళ్లు మెట్ల మీదికొచ్చి నిలబడ్డారు. పెండ్లి ఏ ఊర్లో సామీ అని ఒకడు కేకేశాడు.

నాలుగు మైళ్ల దూరంలో చింతతోపు దగ్గర తిరుపాలమ్మ బోను తెరిచింది. ముసలిది దిగి, ఎవరి వైపూ చూడకుండా తోపులోకి నడిచింది. మిగతావీ నడిచాయి. మళ్లీ రాలేదు. వారం రోజులు ప్రొద్దుటూరులో ఇదే మాట. వరదరాజులు సిఫారసు ఒకటిన్నర పేజీ రాశాడు. అందులో నాయకత్వం అనే మాట నాలుగుసార్లు వచ్చింది.

జూలైలో గురురాజారావు హెడ్ గుమాస్తా అయ్యాడు. ఆ ఉద్యోగం సీనియారిటీ ప్రకారం ఇచ్చేది. ఆయన పేరు మొదట ఉన్న జాబితా మీద కడపలో ఫిబ్రవరిలోనే, కోతులు రాకముందే, సంతకమైంది.