పదమూడు కాలనీలు

అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో ఉన్న రోజుల్లో మా మామగారికి నేనే టీచర్‌ని. ఆయన సిటిజన్‌షిప్ పరీక్షకి కూర్చోవాలి, అమెరికా చరిత్ర నేర్పే పని నా నెత్తిన పడింది. మా ఆయన సోమవారం ఫ్లైటెక్కి క్లయింట్ ఊరికి వెళ్తే గురువారానికి గాని ఇల్లు చేరేవారు కాదు. పిల్లలు లేరు. నా ఉద్యోగం ఇంటి నుంచే, చెవిలో ఫోన్ గొంతులు తప్ప ఎదురుగా మనుషుల్లేరు. కాంప్లెక్స్ నిండా మనవాళ్లే అంటారు. ఉంటే ఉన్నారు, తలుపు తట్టినవాళ్లు మాత్రం లేరు.

"మొదట్లో ఇక్కడ పదమూడు కాలనీలుండేవి మామయ్యగారూ" అంటూ పాఠం మొదలుపెట్టాను.

"పదమూడా! ఒక్క కాలనీతోనే నా తలప్రాణం తోకకొచ్చింది కదమ్మా!"

విజయవాడలో వాళ్ల కాలనీ అసోసియేషన్‌కి ఏళ్ల తరబడి సెక్రటరీ ఆయన. కాలనీ అంటే నాలుగు వీధులు, ఒక వాటర్ ట్యాంకు, ఒక గొడవ. ఇది ఆ కాలనీ కాదు, వలస రాజ్యం అని చెప్పి చూశాను. వింటేనా! సరే, ఆయన దారిలోనే చెబుదామనుకున్నాను.

"బ్రిటిష్ రాజు పన్నులు వసూలు చేస్తాడు, వీళ్లని సభలోకి మాత్రం రానివ్వడు."

"మెయింటెనెన్స్ కట్టించుకుని మీటింగుకి పిలవకపోతే ఎవరూరుకుంటారు?"

"పైగా తన సైనికుల్ని తెచ్చి వీళ్ల ఇళ్లలోనే మకాం పెట్టించాడు."

"మీ అత్తయ్య తమ్ముడిలాగానా?"

ఇద్దరం పడీపడీ నవ్వాం. అత్తయ్య పోయాక ఆయన ఆవిడ ఊసు నవ్వుతూ ఎత్తడం అదే మొదలు. రాజ్యాంగం దగ్గరికి వచ్చేసరికి, "అంటే బైలాస్ రాసుకున్నారన్నమాట. గొడవపడకుండానే?" అని అనుమానంగా అడిగారు. వేసవంతా తలుపులు మూసుకుని వాదించుకున్నారని చెబితే గాని ఆయనకు నమ్మకం కుదరలేదు.

ఆ పాఠాల కోసం నేను లంచ్ బ్రేక్ ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేదాన్ని. ఆయన ఎదురుచూసేది వేరే. గ్రీన్ కార్డుతో ఇండియాలో ఎక్కువ కాలం ఉంటే తిరిగి రావడానికి ఇబ్బంది. అమెరికా పాస్‌పోర్ట్ చేతికొస్తే వాళ్ల కాలనీలో ఎన్నాళ్లయినా హాయిగా ఉండొచ్చట. ఈ దేశ పౌరుడు కావడం ఈ దేశంలో ఉండక్కర్లేకుండా పోవడానికి! నాకది మొదటి రోజు నుంచీ తెలుసు. నేనూ ఒక మనిషిని ఇక్కడ ఉన్నానని ఈయనకు తోచదేం అని ఒళ్లు మండేది. మర్నాడు మళ్లీ పుస్తకం తెరిచేదాన్ని.

ఇంటర్వ్యూకి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. లోపలి నుంచి ముఖమంతా నవ్వుతో వచ్చారు.

"బ్రిటిష్‌వాళ్లతో ఎందుకు పోట్లాడారని అడిగాడమ్మా. మెయింటెనెన్స్ తీసుకుంటారు సార్, జనరల్ బాడీకి పిలవరు అన్నాను. తెల్లబోయాడు పాపం. అప్పుడు టాక్స్ అన్నాను. పాస్ చేశాడు!"

కారెక్కాక, "పాస్‌పోర్ట్ రాగానే టికెట్ బుక్ చేసెయ్యమ్మా" అన్నారు.

"రిటర్న్ ఎప్పటికి బుక్ చెయ్యమంటారు?" అన్నాను, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"రిటర్న్ ఎందుకమ్మా ఇంక?"

హైవే మీద కారు ఆపకూడదు కనుక నడుపుతూనే ఏడ్చాను. ఆయన చూడలేదు. పరీక్ష ఎంత సులువుగా అయిపోయిందో ఫోన్‌లో వాళ్ల కాలనీవాళ్లకి చెబుతున్నారు.