సోమ్లీ అవ్వ పాట ఆమెతో పోలే

నిన్న పొద్దున రాయదుర్గం బస్టాండులో టీ తాగుతాంటే తమ్ముడు ఫోన్ చేసినాడు.

"అక్కా, సోమ్లీ అవ్వ పోయింది."

గ్లాసు అట్నే పెట్టేసి గుమ్మఘట్ట బస్సెక్కినా. మొన్న ఆదివారమే కదా నన్ను తిట్టింది! అంత గట్టిగా తిట్టిన మనిషి ఎట్ల పోతుందప్పా?

గుమ్మఘట్ట దగ్గర మా సుగాలి తాండాలో ఆమె అందరికీ అవ్వే.

మాలో ఒక పద్ధతి ఉండాది. అత్తారింటికి పోయేటప్పుడు పెండ్లికూతురు తాండాలో ఒక్కొక్కర్నీ పట్టుకోని ఏడుస్తా పాడల్ల. దాన్ని ఢావ్లో అంటాం. ముందే ముసలోళ్ల కాడ కూసోని నేర్చుకోవల్ల.

నేను నేర్చుకోలే. డిగ్రీ, కోచింగ్, టైం లేదంటి. అవ్వ పాటే ఫోన్లో రికార్డు చేసి, నా పెండ్లిరోజు బ్లూటూత్ స్పీకర్లో పెట్టి, కొంగు కప్పుకోని ఏడుస్తాన్నట్టు యాక్షన్ చేసినా.

అవ్వ వచ్చి స్పీకర్ ఆపేసింది.

"నీ నోరు యాడ పెట్టినావే? ఈ మిషన్నే పంపిద్దామా నీ మొగునింటికి?"

పెండ్లి కారు హారన్ కొడతానే ఉండాది. అవ్వ కదల్నీలే. ఒక్క చరణం నా నోట వచ్చేదాకా కారెక్కనీలే.

"నేను పోయినా నా తాండా పొయ్యిలు ఆరకూడదు" అని మా సుగాలి మాటల్లో వస్తుంది ఆ చరణం. పాడతా పాడతా నిజంగానే ఏడ్సినా.

ఇంకోసారి సిటీ నుంచి ఎవరో కెమెరాలు తెచ్చినారు. అద్దాల లంగా కట్టుకోని ఏడ్చి పాడవ్వా, వీడియో తీసి దాచిపెడతాం, లేకుంటే మీ కల్చర్ పోతుంది అన్నారు.

అవ్వ చుట్టూ చూసింది. "పెండ్లికూతురు యాదప్పా?"

లేదన్నారు.

"మరి ఎవరి కోసరం ఏడ్సల్ల? డబ్బాలో దాచేకి ఇదేమన్నా ఊరగాయనా?"

మజ్జిగిచ్చి పంపించేసింది.

ఆ వారమే ఆడపిల్లోళ్లను బడి అరుగు మీద కూసోబెట్టింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం. నాలాంటి పెండ్లయినోళ్లకూ తప్పలే. తప్పు పాడితే తొడపాశమే.

నిన్నట్నుంచి వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్‌లు. "ఆమెతో ఒక శకం ముగిసింది." "ఆ పాటలు ఇంక వినలేం."

ఎవురు చెప్పినారప్పా మీకు? వినేకి ఏనాడన్నా వచ్చినారా?

నిన్న అవ్వను మట్టికి ఎత్తేటప్పుడు అరుగు మీద నేర్చుకున్న మేం పద్నాలుగు మందిమి ఢావ్లో ఎత్తుకున్నాం. తాండా పెద్ద, నాకు వరసకు తాత, అడ్డమొచ్చినాడు.

"అది పెండ్లికూతురు పాట గదమ్మే. సావుకి పాడేదేంది?"

"తాతా, ఈపొద్దు తాండా ఇడిసి పోయేది అవ్వే కదా. ఆమె నోరు మూతపడింది. మాకు నోర్లుండాయి" అంటి.

తాత తలకాయకు చుట్టిన టవల్ తీసేసినాడు. పక్కకు జరిగి దారిచ్చినాడు.

చివరిదాకా పాడినాం. స్పీకర్ లేదు, ఫోన్ లేదు.

రెండో చరణం కాడ నేను తప్పినా అవ్వా. నువ్వు ఇనే ఉంటావు. ఆదివారం అరుగు మీద దిద్దుకుంటాలే.

సల్లగా పోయిరా. పొయ్యిలు ఆరనీం. ఇంక నిమ్మళంగా పండుకో.