అమ్మవారు దిగిపోయిన మంగళవారం

మా మేనత్త మంగళవారాలు మనిషి కాదు. మిగతా ఆరు రోజులూ గేదె పాలు పితికి, మావయ్యకి చెరుకుతోటకి క్యారేజీ పంపే ఆడది. మంగళవారం పొద్దున్న పసుపునీళ్ళు పోసుకుని, నడవలో వేపమండలు పరిచిన పీట ఎక్కితే మాత్రం అమ్మవారు. చీడికాడ నుంచి, వడ్డాది నుంచి జనం నిమ్మకాయలు పట్టుకుని చోడవరం వచ్చేవారు. పెళ్ళి కుదురుతుందా, బోరులో నీళ్ళు పడతాయా, అన్నీ ఆ పీటనే అడిగేవారు. దానిమీద ఇంకెవరూ కూర్చోకూడదు. పూనకం దిగాక అత్తకి ఏదీ గుర్తుండేది కాదు. మంచినీళ్ళు తాగి, మావయ్యని “ఏటన్నాది?” అని అడిగేది.

నాకు వీటిమీద నమ్మకం లేదు. ఉందని ఇప్పుడూ అనను. తొంభైల్లో అనకాపల్లిలో డిగ్రీ ముగించి, దొరికినవాళ్ళతో దొరికినట్టు వాదిస్తున్న రోజులవి.

ఆ ఏడు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగు మొదలవక ముందే అత్తకి నెలసరి వచ్చి ఇక ఆగలేదు. రెండు నెలలు. బయట ఉన్న మనిషి పీట ఎక్కకూడదు గనక మంగళవారాలు ఆగిపోయాయి. వచ్చినవాళ్ళని మావయ్య “అమ్మ అలిగింది” అని పంపించేసేవాడు. నేనే అత్తని బస్సెక్కించి వైజాగు తీసుకెళ్ళాను. గర్భసంచిలో గడ్డ ఉంది, తీసెయ్యాలి, ఇలాగే రక్తం పోతే మనిషి దక్కదు అంది డాక్టరమ్మ.

“అమ్మ వచ్చే ఒంటిమీద కత్తెట్టడానికి ఆవిడ్నడగాలి కదేటే?” అన్నాడు మావయ్య.

“అడుగు.”

“ఎలగడుగుతాను? మీ అత్త పీటెక్కాలి కదా.”

“ఎక్కించు.”

“బయటున్నాది కదే!”

“అది ఆగాలంటే ఆపరేషనవ్వాలి. ఆపరేషనుకి ఆవిడ్నడగాలి. ఆవిడ్నడగాలంటే అది ఆగాలి. మావయ్యా, నువ్వు గానుగకి ఎద్దుని కట్టేవా, అత్తని కట్టేవా?”

“డిగ్రీ సదివి నోరు పెంచుకున్నావు గానీ బుద్ధి పెంచుకోలేదే గుంటా.”

అత్త గోడకి ఆనుకుని వింటోంది. మొహంలో నెత్తురు లేదు. చీపురు కోసం లేవబోయి, మళ్ళీ కూలబడింది. “పోనీలెండి, నాకేటవుద్ది” అంది. అవుతుందని ఆమెకీ తెలుసు.

మంగళవారం పీట తెచ్చి నడవలో వేసింది నేనే. “అమ్మవారు ఆడది కాదా? ఆవిడకి తెలీదా ఇది?” అన్నాను. మావయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. అత్త నావైపు చూసింది, పీటవైపు చూసింది. ఎక్కేసింది.

ముందు పాదాలు ఆడాయి, తర్వాత భుజాలు. ఎన్నడూ దండం పెట్టని చేతిలో నిమ్మకాయ పట్టుకుని అడిగాను. “ఈ మనిషిని కోయించాలి. సెలవిస్తావా, ఇవ్వవా?” అడిగానో గద్దించానో నాకే తెలీదు.

“నా గుంట నెత్తురోడిపోతంటే నన్నడుగుతారేట్రా! తీస్కెల్లండి. కోయించండి. నేను ఎల్లిపోతన్నాను. ఇంక రాను.”

మావయ్య నేలమీద పడి మొక్కాడు. అత్త పక్కకి ఒరిగిపోయింది. నీళ్ళు తాగించాక ఎప్పటిలాగే అడిగింది: “ఏటన్నాది?”

“కోయించుకోమంది” అన్నాడు మావయ్య. మిగతాది మింగేశాడు. నేనూ నోరు మూసుకున్నాను. నాకు అలవాటు లేని పని.

ఆపరేషన్ అయింది. అత్త బతికింది. ఒంట్లో రక్తం పట్టింది. కానీ మంగళవారం వస్తే నిలకడ లేదు. గుమ్మం దాకా వెళ్ళేది, వచ్చేది. ఉతికిన చీరే మళ్ళీ ఉతికేది. నిమ్మకాయలతో వచ్చినవాళ్ళకి ఏం చెప్పాలో తెలియక పెరట్లోకి తప్పుకునేది. ఆమెని మనిషిని చెయ్యాలని అంత వాదించిన నాకు, ఆ మనిషి మంగళవారం పొద్దున్న ఏం చేసుకోవాలో మాత్రం తట్టలేదు.

ఒకరోజు నా కొంగు పట్టుకుని ఆపింది. “నువ్వు అబద్ధమాడవు కదా. మళ్ళీ వస్తానందేటే?”

“రానంది అత్తా.”

కొంగు వదిలేసింది. “ఆ మాట నేనే అన్నానేమోనే?”

అదే మాట ఆమెచేత ఒప్పించాలని నేను ఎన్నేళ్ళు వాదించానో. తీరా అడిగేసరికి “నాకు తెలీదు” అన్నాను. నిజంగానే తెలీదు.

“సర్లే. ఆ పీట ఇలగ తే. చిక్కుడుకాయలు కూడా తే.”

పీట మీద కూర్చుని ఈనెలు తీయడం మొదలెట్టింది. వేళ్ళు కుదురుగా పని చేస్తున్నాయి. పాదాలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. గంప ఖాళీ అయ్యేదాకా నేను ఆ పాదాలనే చూస్తూ కూర్చున్నాను.