కిషన్‌బాగ్ బండిలో ఒక సీటు

1941 వానాకాలంలో నన్ను శాలిబండ దగ్గర ఒక ఆడపిల్లల మిడిల్ స్కూలుకు అహల్కారుగా, అంటే గుమాస్తాగా వేశారు. నా పై అధికారి సదర్ ముఅల్లిమా, అంటే పెద్ద పంతులమ్మ. ఆమె పర్దాకు అవతల, నేను ఇవతల. అక్కడ పనిచేసినన్నాళ్లూ ఆమె ముఖం చూసి ఎరగను. దగ్గును బట్టి ఉత్తర్వు గ్రహించేవాణ్ణి. పొడిదగ్గయితే మంజూరు, తడిదగ్గయితే నామంజూరు. ఆమెకు జలుబు చేసిన వారం బడి పాలన మొత్తం స్తంభించిపోయేది.

సీటంటే తరగతిలో జాగా అని బయటివాళ్లు అనుకుంటారు. మా లెక్కలో సీటంటే బండిలో జాగా. దూరపు పిల్లలను తెరలు కట్టిన ఎడ్లబండ్లలో తేవడం, దింపడం బడి పూచీ. బండి నిండితే నాలుగో తరగతిలో ఒంటెను పడుకోబెట్టేంత ఖాళీ ఉన్నా ‘సీటు లేదు’ అని రాయవలసిందే.

ఆ శ్రావణంలో నర్సింహులు అనే జవాను కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. కరోడ్‌గిరి, అంటే సుంకాల శాఖలో, సరిహద్దు నాకా మీద ఉండేవాడు. ఎవరో పెద్దాయన బావమరిది పెట్టె తెరిపించిన పుణ్యానికి రాత్రికి రాత్రే పట్నానికి బదిలీ అయింది. కిషన్‌బాగ్‌లో గది దొరికింది కాని బడి దొరకలేదు. పిల్ల పేరు భాగ్య. మూడో తరగతి పూర్తయింది. కిషన్‌బాగ్ నుంచి నడిచి వచ్చిన కాళ్లకు మోకాళ్ల దాకా బురద. అందులో ఒక మడి వరి నాటవచ్చు.

“నౌకరోని బతుకు సాబ్, ఎటు తోలితే అటు వోవాలె. పొల్లేం జేసింది? ఇగ సదువు సాలు, పొయ్యికాడ కూసోబెట్టుమంటున్నది మా అమ్మ. ఈ నెలల బడి దొరకకుంటే నేను గూడ ఆపలేను” అన్నాడు.

కిషన్‌బాగ్ బండి నిండిందని విన్నవించాను. పర్దా వెనక తడిదగ్గు వినిపించింది. పిల్ల నా వైపు చూసింది. ఆ చూపు నా టోపీకి రంధ్రం చేసి వెనక గోడకు తగిలింది.

బండ్ల ముఆయినా, అంటే తనిఖీ, నా విధుల్లో ఒకటి. తెరలకు చిల్లులున్నాయా, ఇరుసుకు చమురుందా చూడాలి. తండ్రీకూతుళ్లను అరుగు మీద కూర్చోమని, ఆ వంకన కిషన్‌బాగ్ బండి దగ్గరికి వెళ్లాను. మిగతా బండ్లలో ఆయా ముందు పలక మీద, బండివాడి పక్కన కూర్చుంటుంది. ఈ బండిలో ఆ పలక మీద గడ్డి మోపు ఉంది. ఆయా మెహబూబీ లోపల కూర్చుంటోందట. మెహబూబీ అంటే సామాన్యురాలు కాదు. ఆమె ఊపిరి పీలిస్తే బండి తెరలు లోపలికి వంగేవి. ఒక వైపు పలకలో సగం ఆమె, మిగిలినదాంట్లో ఆమె తమలపాకుల పెట్టె, పాన్‌దాన్.

సంగతేమిటని బండివాడు ఖాసింను అడిగాను.

“గామె మా ఇంటామెనే సాబ్. ముంగట కూసోదు. బక్రీదు నాడు వాళ్లమ్మ జేసిన దాల్చాల, గదే మాంసం పప్పుల, నీళ్లెక్కువైనయని అన్న. అందరి ముంగట అన్న. గదే నా కసూర్, గదే నా తప్పు.”

“నిజంగా ఎక్కువయ్యాయా?”

“చేద వేసి తోడుకున్నం సాబ్.”

అప్పటినుంచి మొగుడూ పెళ్లాల మాటలన్నీ తెరలోంచి పిల్లలే మోస్తున్నారట. ‘మెల్లగ తోలుమను బేటీ’ అని లోపలినుంచి, ‘ఎడ్లనే అడుగుమను బేటీ’ అని బయటినుంచి.

ఈ నివేదిక పర్దా ముందు సమర్పించాను. మెహబూబీకి పిలుపు వెళ్లింది. ఆమె వచ్చి నడుం మీద చేయి వేసుకుని నిలబడింది.

“మా అమ్మ దాల్చాకు వంకలు వెట్టిన మనిషి పక్కన నేను కూసోను మున్షీ సాబ్. నౌకరీ పోతే పోనీ.”

నర్సింహులు లేచి తలపాగా సర్దుకున్నాడు, పోదాం పదమన్నట్టు. భాగ్య కదలలేదు.

“ఆయమ్మా, నేను నడుమ కూసుంట. నీకు ఆయన కనవడడు.”

“గింతున్నవ్. ఆయనెట్ల కనవడకుండ పోతడే?”

“నెత్తి మీద సంచి వెట్టుకుంట.”

మెహబూబీ నవ్వు ఆపుకోవాలని చూసింది. ఆమె ఆపుకున్న నవ్వుకు నా బల్ల మీది సిరాబుడ్డి ఊగింది. పర్దా వెనక నుంచి పొడిదగ్గు, దాని వెంట ఇంకో రెండు పొడిదగ్గులు. నర్సింహులు ఇంట్లో పర్దా ఆచారం లేదు కనుక పిల్ల ముందు పలక మీద కూర్చోవడానికి అభ్యంతరం రాలేదు. ఆ రోజే భాగ్యను నాలుగో తరగతిలో చేర్చుకున్నాం. మెహబూబీ ముందుకు మారగా లోపల ఖాళీ అయిన చోట కిషన్‌బాగ్ పిల్లలే మరి ఇద్దరు చేరారు.

రంజాన్ నాటికి ఖాసిం, మెహబూబీ పిల్ల నెత్తి మీదుగా నేరుగా తిట్టుకోవడం మొదలుపెట్టారు. చార్మినార్ మీది పావురాలు లేచిపోయేంత లొల్లి. ఇక మధ్యవర్తి అవసరం లేదని భాగ్య సర్దుకుని లోపలికి మారింది.

తర్వాత చాలా దఫ్తర్లలో పనిచేశాను. జాగా లేదని ఎవరైనా చెబితే గది కొలవలేదు. అక్కడ ఎవరి పక్కన ఎవరు కూర్చోవడం లేదో ముందు విచారించాను.