రిపోర్టు రాకముందే లేచి నడిచాను

ఈ ఏడు ఎండలు ముదిరే రోజుల్లో మంచం మీద వెల్లకిలా పడుకుని, ఇంటి పైకప్పు రేకుల్ని ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి లెక్కపెట్టుకుంటూ, ఇక నా పని అయిపోయిందని అనుకున్నదాన్ని సహోదరులారా, నన్ను మళ్ళీ కాళ్ళ మీద నిలబెట్టిన ప్రభువు గురించి మన సంఘ పత్రిక చదివే మీ అందరికీ నాలుగు మాటలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. నేను చదివింది అయిదో తరగతి. అక్షరాలు తప్పితే మన పాస్టరు అయ్యగారు దిద్దుతానన్నారు.

నా పేరు సుగుణకుమారి. కడియం దగ్గర కాలువగట్టు పక్కన మా పేట. మా ఆయన ప్రకాశరావు గారు, నేను పాతికేళ్ళ పైనుంచి నర్సరీలో పనికి వెళ్తున్నాం, ఆయన మొక్కలకు అంట్లు కడతారు, నేను సంచుల్లో మట్టి నింపుతాను. నెలసరి ఆగిపోయి మూడేళ్ళు దాటాక నాకు మళ్ళీ రక్తం కనబడింది. వేడి చేసిందిలే అని మజ్జిగ తాగాను, సబ్జా గింజలు తాగాను, ఎవరికీ చెప్పకుండా నాలుగు నెలలు దాచుకున్నాను. ఒకరోజు పనిలో కళ్ళు తిరిగి మొక్కల మధ్య పడిపోతే అప్పుడు బయటపడింది. మా అమ్మాయి దీవెన అత్తవారింటి నుంచి వచ్చి నన్ను రాజమండ్రి తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరమ్మ గారు చూసి గర్భసంచి తీసెయ్యాలన్నారు, తీసేశారు. తీశాక ఆవిడ నా మంచం పక్కన కూర్చుని, అందులో ఒకచోట తనకు నచ్చలేదని, ముక్కను పరీక్షకు పంపామని, ఏదన్నా ఉంటే తొందరగా తెలియడమే మంచిదని నెమ్మదిగా చెప్పారు. ఆ జబ్బు పేరు ఆవిడా అనలేదు, మేమూ అనలేదు. మా ఇంట్లో అందరూ దాన్ని ‘అది’ అనేవారు. అదయితే ఎలాగ, అది కాకపోతే చాలు, ఇవే మాటలు.

ఇంటికి వచ్చాక జరిగింది వింటే మీరు నవ్వుతారు, నవ్వండి, ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. మా అత్తగారికి ఎనభై దాటాయి. ఆవిడ ఎరిగున్నది ఒక్క పురుడే! అందుచేత యాభై రెండేళ్ళ నన్ను పచ్చి బాలింతను చేసి మంచం ఎక్కించారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కాళ్ళకు దుప్పటి. పాత బియ్యం అన్నంలో వెల్లుల్లి కారం, పెరుగు పేరెత్తకూడదు, మంచినీళ్ళు కూడా కొలిచి ఇవ్వడమే. కాలు కింద పెట్టబోతే ఈ పక్క నుంచి అత్తగారు, ఆ పక్క నుంచి దీవెన, వీధిలోంచి మా ఆయన ముగ్గురూ ఒకేసారి అరిచేవారు. జడ వేసింది నా కూతురు, ముద్దలు కలిపి పెట్టింది నా అత్తగారు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్క చెంబు నీళ్ళు నాకు అందించని మా ఆయన నా ఒళ్ళు తుడవడానికి వేడినీళ్ళు తోడి తెచ్చారు. అదంతా ప్రేమే సహోదరులారా, దానికి నేను వంక పెట్టను. కాని ఆ ప్రేమలో పడుకుని పడుకుని నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. పడుకున్న మనిషికి ఆలోచనలు తప్ప ఇంకేం ఉంటాయి చెప్పండి! ముక్క ఇప్పుడు ఎక్కడుందో, ఎవరు చూస్తున్నారో, వాళ్ళు మొహం చిట్లించారో లేదో, రోజంతా ఇదే.

కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళిన రోజున ఆటో దిగి ఆస్పత్రి మెట్లు నాలుగెక్కేసరికి ఆయాసం వచ్చి కూలబడిపోయాను. నడిచి ఎన్నాళ్ళయిందని డాక్టరమ్మ గారు అడిగితే, మా దీవెన గొప్పగా, “మంచం దిగనివ్వలేదండి,” అంది. డాక్టరమ్మ గారు తన చేత్తో నా చెవుల్లో దూది తీసి పక్కన పడేశారు.

“కుట్లు మానాయి. మనిషే మానలేదు. బరువులు ఎత్తొద్దన్నాను గాని నడవొద్దని ఎవరన్నారమ్మా? రోజూ నడవాలి, ఇవాళ పది అడుగులు, రేపు ఇరవై. రేపొద్దున రిపోర్టులో ఏదన్నా వచ్చి మళ్ళీ వైద్యం చెయ్యాల్సొస్తే తట్టుకునే ఒళ్ళు ఉండాలి కదా.”

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా అత్తగారు, “ఆ డాక్టరమ్మకి పిల్లలెంతమందే?” అని అడిగారు. ఒక్కరేనని దీవెన చెప్పింది. “అదీ సంగతి,” అని ఆవిడ అటు తిరిగి పడుకున్నారు. మా ఆయన మాత్రం గోడకానుకుని కూర్చుని ఇలా అన్నారు. “అంటు అతుక్కున్నాక మొక్కని రోజూ కాస్త కాస్త ఎండకి జరుపుతాం. జరపకపోతే నీడలోనే పాలిపోతది. ఇన్నేళ్ళు అదే పని చేసి నీ దగ్గరకొచ్చేసరికి నాకు తట్టలేదు చూడు.”

సరే, మర్నాడు పొద్దున్నే నడవడానికి బయలుదేరాను. అక్కడ వచ్చింది అసలు కష్టం. మా పేటలో ఆడమనిషి వీధిలో నడుస్తోందంటే పనికన్నా వెళ్ళాలి, బజారుకన్నా వెళ్ళాలి, గుడికన్నా వెళ్ళాలి. ఊరికే నడవడం అనేది మాకు తెలియదు. మొదటి గుమ్మం దగ్గరే, “ఎక్కడికి వదినా పొద్దున్నే?” అన్నారు. ఎక్కడికీ లేదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. రెండో గుమ్మంలో ఎక్కడికని అడగలేదు, రిపోర్టు వచ్చిందా అని అడిగారు. మూడో గుమ్మంలో ఏమీ అడగకుండా జాలిగా చూశారు, అది ఇంకా కష్టంగా ఉంది. వెనక్కి తిరిగి వచ్చి దుప్పటి కప్పుకున్నాను. అలా రెండు రోజులు చేసి, మూడోరోజు లేవలేదు.

ఆ సాయంత్రం పాస్టరమ్మ గారు వచ్చారు. నన్ను చూసి అయ్యో అనలేదు, ప్రార్థన చేసి, ఒక పని ఉందమ్మా అన్నారు. మన సంఘంలో పిడికెడు బియ్యం సంగతి మీకు తెలిసిందే. కొత్తగా వచ్చినవారి కోసం చెప్తాను, ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి తల్లీ ఒక పిడికెడు తీసి ప్రభువు పేరున వేరే డబ్బాలో వేస్తుంది, వారం వారం అవి పోగుచేసి విధవరాళ్ళకు, లేనివారికి ఇస్తారు. ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం తెచ్చే దేవకరుణమ్మ గారు తునిలో కూతురి దగ్గరకు వెళ్ళిపోయారట, ఆ పని నన్ను చెయ్యమన్నారు. నేను చేటెడు బియ్యం కూడా ఎత్తలేనండీ, నాకు కడుపు కోశారండీ అన్నాను. పాస్టరమ్మ గారు, “మొయ్యడానికి మీ ఆయన ఉన్నారు, సైకిలుంది. మీరు గుమ్మం ముందు నిలబడి పిలవండి చాలు,” అన్నారు. మా ఆయన ఆదివారం ఆరాధనలో కూడా గుమ్మం దగ్గరే కూర్చునే మనిషి, కాదనలేక తల ఊపారు.

అలా మొదలైంది! వారానికి ఒక్కరోజు తిరిగే పని రోజుకో సందు చొప్పున ఆరు రోజులకు పంచుకున్నాను, రోజూ నడవాలి కదా. ముందు నేను, వెనకాల సైకిలు నడిపించుకుంటూ మా ఆయన, వెనక సీటు మీద సంచి. మొదటిరోజు నాలుగిళ్ళు తిరిగి అయిదో ఇంటి అరుగు మీద కూర్చుండిపోయాను. అయినా ఎక్కడికి వదినా అని ఎవరూ అడగలేదు. వాళ్ళు డబ్బా తెచ్చేలోగా రిపోర్టు మాట ఎత్తకుండా నేనే ముందు, మీ ఇంట్లో దేనికోసం ప్రార్థన చెయ్యాలి అని అడిగేదాన్ని. అందరూ చెప్పేవారు. పెద్దాడి పరీక్షలని ఒకరు, మోకాలి నొప్పని ఒకరు, ఈనాల్సిన గేదె మేత ముట్టడంలేదని ఒకరు, కోడలు పుట్టింటి నుంచి రావడంలేదని గుసగుసగా ఒకరు. రాయడం నాకు నెమ్మదిగాని, ఒకసారి విన్నది నేను మర్చిపోను. ఇంటికి వెళ్ళేదాకా దారిలో ఒక్కొక్కటే ప్రభువుకు చెప్పుకుంటూ నడిచేదాన్ని. ఆ గేదె ఈనింది కూడా, పెయ్యదూడ, జున్ను పంపించారు, మా అత్తగారు పథ్యం మాట మర్చిపోయి నాకు గిన్నెలో వేసి పెట్టారు! అలా ఇతరుల ఇళ్ళన్నీ నా లోపలికి వచ్చేసరికి ‘అది’ కూర్చోవడానికి చోటు తగ్గింది. రెండు వారాలు తిరిగేసరికి ఒక సందు పూర్తిగా కూర్చోకుండా తిరిగాను. అన్నం హితవు పుట్టింది.

అప్పుడు రిపోర్టు వచ్చింది సహోదరులారా. వచ్చి ఏం చెప్పింది? అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు. ఇక్కడ తేలడంలేదు, హైదరాబాదులో పెద్ద ల్యాబుకు పంపాలి, ఇంకో నెల పట్టొచ్చు అన్నారు డాక్టరమ్మ గారు. మంచో చెడో వస్తే ఏడ్చో నవ్వో ఊరుకుందును. ఏదీ రాకపోయేసరికి ఇంటికి వచ్చి మళ్ళీ మంచం ఎక్కాను. ప్రభువా, ఇంతమంది కోసం ప్రార్థన చేశానే, నా ఒక్క కాగితం చూడడానికి నీకు తీరిక లేదా అని ఆయనతో పోట్లాడాను. తర్వాత భయపడి బేరం పెట్టాను. “తండ్రీ, ఈసారి మంచిగా రప్పించు. రప్పిస్తే సంఘమంతటి ముందు నీ మేలు సాక్ష్యం చెప్తాను,” అన్నాను.

నేను లేవకపోతే మా ఆయన ఒక్కరే సంచి తీసుకుని వెళ్ళారు. గంట తర్వాత ఖాళీ సంచితో వచ్చారు. మొహం చూస్తే నవ్వో ఏడుపో తెలియలేదు. ఏమైందండీ అంటే, “ఎవరూ పొయ్యలేదే. మీ చేతికి పొయ్యం, ఆవిణ్ణి రమ్మనండి అన్నారు అందరూ. చిట్టెమ్మ మామ్మయితే, సుగుణ రాకపోతే నేనే డబ్బా పట్టుకుని వస్తాను, మీ ఇల్లెటో చూపించమని కర్ర తీసింది,” అన్నారు.

చిట్టెమ్మ మామ్మకు రెండు కళ్ళూ సరిగా కనబడవు. కాలువగట్టు చివరి ఇల్లు ఆవిడది, ఒంటరి మనిషి. తనే బియ్యం తీసుకోవలసిన విధవరాలు, అయినా తన డబ్బాలో పిడికెడు వెయ్యడం ఒక్కరోజు కూడా మానదు. ఆవిడ నిజంగా బయలుదేరితే ఏమవుతుందని వెంటనే లేచి చెప్పులు వేసుకున్నాను. ఆ గట్టు చివరిదాకా నడవడం ఆపరేషన్ అయ్యాక అదే మొదటిసారి, అంతకుముందు నన్ను మధ్యలో ఏదో అరుగు మీద కూర్చోబెట్టి మా ఆయనే ఆ చివరింటికి వెళ్ళొచ్చేవారు. మూడుచోట్ల ఆగాను, మా ఆయన సైకిలు సీటు పట్టుకుని నిలబడ్డాను, కాని వెళ్ళాను.

మామ్మ తన డబ్బాలో బియ్యం నా సంచిలో పోసి, నా చెయ్యి వదలకుండా, ఎందుకు పడుకున్నావే అంది. అన్నీ చెప్పాను. రిపోర్టు మంచిగా వస్తే సాక్ష్యం చెప్తానని మొక్కుకున్నాను మామ్మా, నువ్వూ ప్రార్థన చెయ్యి అన్నాను.

“మంచిగా రాకపోతే ప్రభువు నీకేం చెయ్యలేదని చెప్తావా?” అంది.

ప్రభువు నాకేం చెయ్యలేదా! పడిపోయిన రోజున మొక్కల్లో చచ్చిపోకుండా చూసింది ఎవరు? ఒళ్ళు తుడవడానికి వేడినీళ్ళు తోడిన ఆ మొగుణ్ణి ఇచ్చింది ఎవరు? నేను రానిదే బియ్యం పొయ్యమని పంతం పట్టిన అన్ని గుమ్మాలు ఎవరివి? అక్కడే మట్టిలో మామ్మ పక్కన కూర్చుని, “ప్రభువా, నేను పెట్టిన బేరం నేనే వదులుకుంటున్నాను. చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. కాగితం సంగతి నీ ఇష్టం. నేను నడిచేటప్పుడు మాత్రం నా పక్కన ఉండు,” అని ప్రార్థన చేశాను. మా ఆయన బయటికి ఆమెన్ అన్నారు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు, దేవునికే మహిమ!

ఆ రోజు నుంచి ఒక్క సందు మానలేదు. ఇప్పుడు ఉదయం కాలువ లాకుల దాకా వెళ్ళి వస్తున్నాను, ఆయాసం లేదు, మెట్లెక్కుతున్నాను, మొన్న చూసి డాక్టరమ్మ గారే ఆశ్చర్యపోయారు. భయం పూర్తిగా పోయిందని అబద్ధం రాయను. ఫోను మోగితే ఇప్పటికీ మా ఆయన్నే తియ్యమంటాను. కాని భయం వచ్చి చూసేసరికి నేను ఇంట్లో ఉండడంలేదు, ఎవరి గుమ్మంలోనో ఉంటున్నాను.

ఇది రాస్తానంటే అయ్యగారు, రిపోర్టు వచ్చాక రాద్దాం కదమ్మా, ఇంకో వారమే కదా అన్నారు. వద్దండి, ఇప్పుడే వెయ్యండి అని బతిమాలుకున్నాను. ఎందుకంటే మీలో కూడా ఏదో ఒక కాగితం కోసం మంచం పట్టి ఎదురుచూస్తున్న అక్కలున్నారు, చెల్లెళ్ళున్నారు, అన్నలున్నారు. అమ్మా, మీ డాక్టరు గారు నడవమంటే లేవండి, పది అడుగులు వెయ్యండి, పక్కింటి గుమ్మం దాకా వెళ్ళి వాళ్ళకేం కావాలో అడగండి. జవాబు వచ్చాక నమ్ముదామని ఆగకండి, ఆయన జవాబుకంటే ముందే మీ ఇంటికి వచ్చి కూర్చున్నాడు. నా కోసం ప్రార్థించిన సంఘానికి, తెల్లారకముందే నాకు నీళ్ళు కాచిన నా కూతురికి, చెవుల్లో దూది పెట్టిన మా అత్తగారికి కూడా నా వందనాలు.

వచ్చే మంగళవారం మేము రాజమండ్రి వెళ్తున్నాం. ఈ పత్రిక మీ చేతికి అందేసరికి ఆ కాగితం నా చేతికి వచ్చేసి ఉంటుంది, అందులో ఏముందో మన పేటంతటికీ తెలిసిపోయి ఉంటుంది. ఏమున్నా సరే, పైన రాసినదాంట్లో ఒక్క మాట కూడా నేను వెనక్కి తీసుకోను.