పద్మిని మొక్కిన కొండ

పద్మిని మొక్కిందంటే తీర్చాల్సిందే. నిజామాబాద్‌లో ఉన్న రోజుల్లో ఒళ్లు కాలిపోయే జ్వరంతో తిరుమల మెట్లెక్కిన ఘటం. చదువుకోడానికి కాల్గరీ వచ్చాక గుడి దూరమైపోయింది. వేర్‌హౌస్‌లో షిఫ్ట్ ముగించుకుని వస్తూ, బస్సు కిటికీలోంచి కనిపించే మంచుకొండకే మొక్కేసింది: వర్క్ పర్మిట్ వస్తే పైకెక్కి కొబ్బరికాయ కొడతానని.

2023 మే నెలలో పర్మిట్ వచ్చింది. రూమ్మేట్‌ని కాబట్టి నాకూ తప్పలేదు. దారి చూపడానికి యోగానంద్ గారు ఒప్పుకున్నారు. విశాఖ మనిషి, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవొస్తే కొండల్లోనే కాపురం. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: తెల్లారకముందే నడక మొదలుపెట్టాలి. రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున రాయిలా ఉంటుందట, ఎండ ముదిరితే మొత్తంగా జారిపోతుందట.

మా తల్లి వింటేనా! మొక్కు కాబట్టి తలస్నానం చేయాలంది, జుట్టు ఆరితే గానీ కదలనంది. తడితలతో చలిలోకి తీసుకెళ్లడానికి ఆయనకూ మనసొప్పలేదు. మేం బయల్దేరేసరికి బాగా ఎండెక్కింది.

చెట్లు దాటగానే నేను నడక ఆపేశాను. అంత తెలుపు, అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. శిఖరం చెయ్యి చాస్తే అందేలా ఉంది. ఏడుపొచ్చింది, ఎందుకో చెప్పలేను. పద్మిని భక్తి కొద్దీ బూట్లు విప్పేస్తుందేమోనని భయం కూడా వేసింది.

అంతలో ఆమె కాలు మోకాలి దాకా దిగబడింది. పై వాలు నుంచి లడ్డూలంత మంచు ఉండలు దొర్లుకుంటూ వచ్చి మా ముందు ఆగాయి. యోగానంద్ గారు ఠక్కున నిలబడిపోయారు.

"ఇక చాలమ్మా. పైన మంచు వదులైపోతోంది. దిగిపోదాం."

"గింత దూరం వచ్చినంక మొక్కు ఎగ్గొట్టమంటరా అన్నా? మీరిద్దరు దిగుండ్రి, నేను పోయొస్త."

"నువ్వెళ్తే నీ వెనకాల నేనూ రావాలి. ఒక్కదాన్ని వదిలేసి దిగను."

పద్మిని శిఖరం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఆయనకు ఇంట్లో నాలుగేళ్ల కూతురు చిన్ను ఉంది. చివరికి చేతులు జోడించి, "స్వామీ, మొక్కింది నేను, ఈయన గాదు," అని వెనక్కి తిరిగింది. దారంతా ఏడుస్తూనే దిగింది.

కారు దగ్గరికి చేరామో లేదో, పైన ఉరిమినట్టు మోత. మేం నిలబడి వచ్చిన వాలు మొత్తం కదిలింది. ముందు మెల్లగా, మంచం మీది దుప్పటి జారినట్టు. ఆ తర్వాత చెట్లను ఫెళఫెళా విరుచుకుంటూ కిందికి. అంతా సద్దుమణిగాక చూస్తే, మా అడుగులు పడ్డచోట మట్టీ బండలూ తేలి ఉన్నాయి. ముగ్గురం చేతులు పట్టుకుని నిలబడ్డాం. నన్ను వణికించింది భయం ఒక్కటే కాదు. ఆ కొండ ముందు సాష్టాంగపడాలనిపించింది.

ఇంటికొచ్చాక పద్మిని వాళ్లమ్మ సరోజనకు ఫోన్ చేసింది. మొక్కు తీర్చలేదని, కాలు దిగబడటం, ఉండలు దొర్లడం, మేం దిగాక వాలు కూలడం అన్నీ చెప్పి వెక్కివెక్కి ఏడ్చింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"గన్నిసార్లు చెప్పి మరీ ఎనక్కి పంపిండా?" అంది ఆమె. "మంచి దేవుడే, బిడ్డా."