చెత్తడబ్బా దగ్గర పావుగంట

మా ఊళ్ళో నన్ను మిషనరీ అంటారు. ఇక్కడ ఖతర్‌లో పనిమనిషి అంటారు. రెండూ అబద్ధం కాదు. నాకు సంతకం వరకే అక్షరాలు వచ్చు కాబట్టి నేను చెబుతుంటే ఒకామె రాస్తోంది. నా మాటల్ని మెత్తగా చేసి రాయొద్దని ముందే చెప్పాను. ఇది మెత్తగా చెప్పే సంగతి కాదు.

నా భర్త కామెర్లతో పోయినప్పుడు నాకు పెద్ద వయసేమీ లేదు. ఇప్పుడూ లేదు. ఇంటిపనికి వీసా వచ్చిందని తెలిసి, కోనసీమలోని మా సంఘం పాస్టరు గారు ఆదివారం నన్ను ముందుకు పిలిచారు. పెద్దలందరూ తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. "మన సంఘం నుంచి పరదేశానికి వెళ్తున్న మొదటి మిషనరీ" అని అందరికీ చెప్పారు. బట్టలుతకడానికి వెళ్తున్నానని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఆ మాట నేను తేలిగ్గా తీసుకోలేదు. పంపారు కాబట్టి పని చేయాలనుకున్నాను.

అల్ రయ్యాన్‌లో ఒక పెద్దింట్లో చేరాను. ఇంటావిడను మామా అనాలి, ఇంటాయనను బాబా అనాలి. తెల్లారితే పిల్లల టిఫిన్లు, ముంగిట్లో దుమ్ము కడగడం, ఇస్త్రీ, మగవాళ్ళు కూర్చునే గదికి కాఫీ, ఖర్జూరాలు. గోడలు ఎత్తుగా ఉంటాయి. పక్కింట్లో తెలుగు పిల్ల ఉందో లేదో కూడా తెలియదు. తెలిసేది ఒక్కచోటే. సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక చెత్త సంచులు పట్టుకుని వీధి చివర పెద్ద డబ్బాల దగ్గరికి వెళ్తామే, అక్కడ. ఆ పావుగంటలో వీధిలోని ఆడపిల్లలందరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటాం. నా మిషనరీ పనంతా అక్కడే.

పని అంటే ఏమిటి? చెయ్యి కాలిన దానికి మందు రాయడం. ఫోన్‌లో బ్యాలెన్స్ లేని దానికి నా ఫోన్ ఇవ్వడం. మామా కోప్పడకుండా గోధుమలూ మాంసమూ కలిపి వండే హరీస్ ఎలా తిప్పాలో కొత్తగా వచ్చిన దానికి చెప్పడం. ఏసుప్రభువును నమ్మినవాళ్ళం ముగ్గురం చివర్లో కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంటాం. మిగతావాళ్ళు మాట్లాడుకుంటూ ఉంటారు. ఈ దేశంలో ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకోవచ్చు. ఇంకొకరిని మన మతంలోకి లాగకూడదు, అది నేరం. చదువురాని నాకే ఆ సంగతి తెలుసు.

మా ఎదురింట్లో కడప పిల్ల ఒకతి ఉంది. వాళ్ళు హిందువులు. కూతురు పసిది, ఊళ్ళో అత్త దగ్గర పెరుగుతోంది. అత్తగారు రోజూ సాయంత్రం ఒకసారి ఫోన్‌లో బిడ్డ చేత "అమ్మా" అనిపిస్తుంది. ఆ ఒక్క పిలుపు మీద బతుకుతోంది ఈ పిల్ల. ఒకరోజు డబ్బాల దగ్గరికి ఏడుస్తూ వచ్చింది.

"బిడ్డకు జరమంట అక్కా. కళ్ళు గూడా తెరవలేదంట. మీరు ప్రార్థన జేస్తాండారు గదా, నా బిడ్డ పేరు గూడా చెప్పు."

"చెబుతాలేవే. ఏడవకు."

దాని తల మీద చెయ్యి వేసి బిడ్డ పేరు చెప్పి ప్రార్థించాను. అది చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. ఇంతే జరిగింది. ఏ దేవుడికి మొక్కుకుందో నేను అడగలేదు. అడగాల్సిన పనేముంది?

మర్నాడు బాబా కారు నడిపే కరీంనగర్ అన్న నన్ను పిలిచాడు. "అక్కా, నిన్న డబ్బాల కాడ మీరు నిలవడ్డప్పుడు తెల్లకారుల ఒక సూటు పిలగాడు ఫోన్ వట్టి వీడియో తీసిండు. ఎవడాడు, మీ అల్లుడా?"

"అల్లుడైతే దిగి సంచి పట్టుకునేవాడన్నా" అన్నాను. నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఆ సూటు ఎవరిదో తెలుసు.

ఇండియా నుంచి ఒక దైవజనుడు వచ్చి ఉన్నాడు. నాకంటే చిన్నవాడే. దేశదేశాలు తిరిగి వాక్యం చెబుతాడు, యూట్యూబ్‌లో సొంత ఛానల్ ఉంది. అంతకు ముందు శుక్రవారం ఇక్కడి చర్చిలో నన్ను పట్టుకుని "సిస్టర్, మీ పరిచర్య ఎక్కడ?" అని అడిగాడు. "ఎక్కడేంటి బాబూ, చెత్త పారేసే చోట" అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళిపోతాడనుకున్నాను. ఇక్కడి మా తెలుగు సంఘం పెద్దను అడిగి ఆయన కారులో మా వీధికి వచ్చి, దిగకుండా, అద్దం దించి వీడియో తీసుకుని పోయాడు. మమ్మల్ని అడిగాడా? జంతుప్రదర్శనశాలలో కోతుల్ని తీసేవాడైనా ఒక అరటిపండు విసురుతాడు.

శుక్రవారమే ఇక్కడ సెలవు, మా ఆరాధనా ఆ రోజే. గుడికి వెళ్ళాను. ఇక్కడ అన్ని సంఘాల గుళ్ళూ ఒకే గోడ లోపల ఉంటాయి. గేటు దగ్గర సంచులు చూసి పంపుతారు. మాకిచ్చే హాలు ఒకటే, భాషకో సమయం. మా తెలుగువాళ్ళ సమయం దాటితే తర్వాతివాళ్ళు తలుపు దగ్గర వచ్చి నిలబడతారు. ముందు వరసల్లో ఆఫీసు ఉద్యోగాల కుటుంబాలు, వెనక మాలాంటి ఇంటిపనివాళ్ళు. అలా కూర్చోమని ఎవరూ అనరు. అయినా అలాగే కూర్చుంటాం.

వాక్యం ముగించి ఆయన గోడ మీద తెర వెలిగించాడు. సంగీతం మోగింది. మా డబ్బాలు కనబడ్డాయి, మా సంచులు కనబడ్డాయి. కడప పిల్ల మొహం తెరంతా నిండింది, చెంపల మీద కన్నీళ్ళతో. దాని మీద ఈయన గొంతు: "ఎడారిలో రహస్య సంఘం! ఈ హిందూ సహోదరి ఈ రోజే ప్రభువును అంగీకరించింది." ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. హల్లెలూయా అన్నారు. రేపు దీన్నే తన ఛానల్‌లో పెడతానని చెప్పాడు.

నేను లేచి ముందుకు నడిచాను. నాకు పాటలో చోటివ్వరు, బండగొంతు. ఆ రోజు ఆ గొంతే పనికొచ్చింది.

"బాబూ, ఆ పిల్ల ఏం అంగీకరించింది? బిడ్డకు జ్వరమని ఏడ్చింది."

ఆయన చిరునవ్వు చెరగలేదు. "సిస్టర్, కన్నీళ్ళు మారుమనస్సుకు గుర్తు."

"ఉల్లిపాయలు కోసినప్పుడల్లా నాకు మారుమనస్సయితే ఈపాటికి పరలోకంలో ఉండేదాన్ని."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సంఘ పెద్ద గబగబా వచ్చాడు. వెస్ట్ బేలో పెద్ద ఆఫీసులో పెద్ద ఉద్యోగం, చెడ్డవాడు కాదు, భయస్తుడు. "అమ్మా, ఇక్కడ కాదు. తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాతంటే ఎప్పుడండి? మీరు కారెక్కుతారు, నేను వ్యానెక్కుతాను, ఈయన రేపు పెట్టేస్తాడు. ఇప్పుడే నా ముందు తీసెయ్యమనండి."

"మొహం మసకగా చేస్తాను సిస్టర్" అన్నాడు ఆయన.

"గొంతేం చేస్తారు? దాని చున్నీ ఏం చేస్తారు? వాళ్ళత్త కొనిచ్చిన చున్నీ అది. మతం మారిందని తెలిస్తే బిడ్డను ఫోన్ దగ్గరికి రానిస్తుందా? ఇక్కడ దాని బాబా చూస్తే దాని గతేంటి?"

"మీరు ప్రభువు పనికి అడ్డొస్తున్నారు. ఈ వీడియో చూసి ఎంతమంది మన మిషన్ కోసం ప్రార్థిస్తారో మీకు తెలియదు."

"వాళ్ళంతా కలిసి ప్రార్థిస్తే పోలీసులు మమ్మల్ని వదిలేస్తారా?"

అప్పుడు ముందు వరసలోంచి ఒక ఆడగొంతు వినబడింది. "పనిమనుషులకు చనువిస్తే ఇంతే." మెల్లగానే అంది, కానీ నాకు వినబడాలనే అంది. తిరిగి చూశాను. అందరూ బైబిళ్ళు సంచుల్లో సర్దుకుంటున్నారు. పండక్కి ప్రేమ విందుకు మూడు పెద్ద గిన్నెల బిర్యానీ వండమని మమ్మల్ని అడిగినప్పుడు ఆ చనువు ఎవరిచ్చారో ఆమెను అడగాలనిపించింది. అడగలేదు. అడిగితే వీడియో సంగతి పక్కకు పోతుంది.

ఈలోపు తలుపు తెరుచుకుంది. మలయాళం వాళ్ళు గిటార్లతో, చంకల్లో పిల్లలతో నిలబడి ఉన్నారు. మా సమయం అయిపోయింది. దాటిస్తే గుళ్ళన్నీ చూసుకునే ఆఫీసుకు ఫిర్యాదు వెళ్తుంది, రెండుసార్లు వెళ్తే హాలు ఇవ్వరు. అది నాకూ తెలుసు, పెద్దకూ తెలుసు. నేను తెర ముందు నిలబడ్డాను.

"తీసేసే దాకా కదలను. ఎవరొచ్చినా సరే."

పెద్దాయన గడియారం చూసుకున్నాడు, తలుపు వైపు చూశాడు. "బ్రదర్, తీసేయండి. ప్లీజ్." ఆడపిల్ల బతుకు గురించి చెబితే కదలని మనిషి హాలు పోతుందంటే కదిలాడు.

దైవజనుడు ఫోన్ తీసి నా మొహానికి దగ్గరగా పెట్టి, ఆ వీడియో మీద వేలు నొక్కి, చెత్తబుట్ట బొమ్మ నొక్కాడు. వీడియో పోయింది. "తృప్తిగా ఉందా సిస్టర్?" అన్నాడు. లేదన్నాను.

నేను చెప్పకముందే వార్త మా ఊరు చేరింది. రెండోరోజే పాస్టరు గారు ఫోన్ చేశారు.

"ఏంటమ్మా, దైవజనుణ్ణి నలుగుర్లో నిలబెట్టి కడిగేశావంట?"

"కడిగితే పోయే మురికి కాదండి అది."

"అలా అనకు తల్లీ. ఆయన మన మందిరానికి స్లాబు వేయిస్తానని మాటిచ్చారు. ఒక్కసారి ఫోన్ చేసి క్షమాపణ అడిగెయ్. నీ నోటి ముత్యాలేం రాలిపోవు."

"రేకుల వేడికి తట్టుకోలేకపోతే గొడుగులేసుకుని ఆరాధన చేసుకోండి పాస్టరు గోరూ. నేనడగను."

"నిన్ను పంపింది మేమమ్మా" అన్నారు చివరికి.

"ఆయ్, మీరే పంపారు. పంపినందుకే అడ్డం నిలబడ్డాను" అని పెట్టేశాను. ఆయనంటే నాకు గౌరవమే, నా భర్త శవం దగ్గర రాత్రంతా కూర్చున్న మనిషి. అందుకే ఇంకా కోపం.

కడప పిల్లకు మా వీధిలోని ఇంకొకామె అంతా చెప్పేసింది. అది వరసగా కొన్ని సాయంత్రాలు రాలేదు. వచ్చిన రోజున చున్నీ మొహం మీదికి లాక్కుని, దూరంగా నిలబడి సంచిని డబ్బాలోకి విసిరింది. నేనే దగ్గరికి వెళ్ళాను.

"బిడ్డకు తగ్గిందా?"

"తగ్గింది. అక్కా, అది తీసేసినాడా?"

"తీసేశాడు. నా కళ్ళతో చూశాను."

"అంతకు ముందే ఎవురికన్నా పంపించింటే?"

ఫోన్‌లో తీసేసింది ఇంకెక్కడుంటుందో నాకేం తెలుసు?

అది నా చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టేసి చెప్పక్కా. ఇంక యాడా లేదని చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతా."

ఒట్టు వేయకూడదని మా వాక్యంలో ఉంది. కానీ నిజం చెప్పాలంటే నన్ను ఆపింది వాక్యం కాదు. ఆ మాట ఒక్కటి అంటే అది ఆ రాత్రి నిద్రపోయేది. నోటిదాకా వచ్చింది. అబద్ధమైతే? రేపు దాని అత్త ఫోన్‌లోకే వస్తే?

"చూసింది చెప్పానే. చూడంది ఎలా చెప్పను?" అన్నాను.

చెయ్యి వదిలేసింది. "అయితే నేను ఈడికి రాను అక్కా. మీతో నిలబడింది ఎవురన్నా జూస్తే... నా మీద కోపం పెట్టుకోగాకు."

దాని మీద నాకేం కోపం? ఇప్పుడది తెల్లవారుజామునే, ఎవరూ లేనప్పుడు చెత్త పారేసి వెళ్తోంది. బిడ్డకు ఒంట్లో బాగోలేకపోతే చెప్పుకోవడానికి దానికి ఈ దేశంలో ఎవరూ లేరు. ఉన్న పావుగంటను ఆ దైవజనుడు కారు అద్దం దించి దోచుకుపోయాడు. ఆయన ఇప్పుడు ఇంకో దేశంలో ఉన్నాడట, అక్కడా కూడికలట. నేను ఒట్టు వేయాలంటే ఆయన నిజం చెప్పాలి. ఎవరికి పంపాడు, ఎక్కడ దాచాడు, అదొక్కటే. సంఘ పెద్ద దగ్గర నంబరు గట్టిగా అడిగి తీసుకున్నాను. రోజూ పని అయ్యాక ఫోన్ చేస్తున్నాను. మోగుతుంది, ఎత్తడు. వాయిస్ మెసేజ్ పెట్టాను, విన్నట్టు నీలం గుర్తు పడింది. జవాబు లేదు. ఈ రోజు కూడా చేస్తాను.